పోర్చుగల్ పల్లెలో 3 హెక్టార్లు కొంటే ఇద్దరి బతుకు గడుస్తుందా?

నమస్తే అండీ. తర్వాత చదివేవాళ్ళకు కూడా అర్థం కావాలి కాబట్టి ముందు మీ ప్రశ్న క్లుప్తంగా చెప్తాను. మీరిద్దరూ లిస్బన్‌లో ఉద్యోగాలు చేస్తున్నారు, రెసిడెన్స్ పర్మిట్ ఉంది, 65 వేల యూరోల పొదుపు ఉంది. తూర్పు పోర్చుగల్‌లోని ఫుందావ్ దగ్గర 38 వేల యూరోలకు 3 హెక్టార్లు అమ్మకానికి చూశారు. అందులో 120 ఆలివ్ చెట్లు, పైకప్పు కూలిన రాతి ఇల్లు, ఒక బావి, ఒక పక్క యూకలిప్టస్ ఉన్నాయి. ఉద్యోగాలు మానేసి అక్కడికి వెళ్ళిపోతే నెలకు వెయ్యి యూరోలు వస్తాయా అని అడిగారు.

మూడో ఏడో నాలుగో ఏడో దాటాక వస్తాయి. కానీ ఆ భూమి ఒక్కటే ఇవ్వదు, మీరు ఇప్పుడు అనుకుంటున్న పద్ధతిలో అసలే రావు. మేము ఫుందావ్ ఉన్న ఇదే కోవా ద బైరా ప్రాంతంలో చాలా ఏళ్ళుగా చిన్న కమతం మీదే బతుకుతున్నాం. అందుకని ఉత్సాహపరిచే మాటలకంటే లెక్కలే రాస్తాను, అవే మీకు ఎక్కువ పనికొస్తాయి.

వెయ్యి యూరోలంటే ఏడాదికి 12 వేలు. 2025లో పోర్చుగల్ కనీస వేతనం నెలకు 870 యూరోలు, ఏడాదికి 14 జీతాలు ఇస్తారు, అంటే 12,180. కాబట్టి మీరు భూమిని అడుగుతున్నది ఒక మనిషి కనీస వేతనం. అది పేరాశ కాదు. సొంత ఇల్లుండి, అప్పు లేకుండా, పొయ్యిలోకి కట్టెలు, వంటకు కూరగాయలు, ఏడాదికి సరిపడా నూనె భూమిలోంచే వస్తే ఆ డబ్బుతో ఇద్దరు గౌరవంగా బతకొచ్చు. ఇంటద్దెగానీ బ్యాంకు వాయిదాగానీ ఉంటే మాత్రం కుదరదు. ఈ ఒక్క షరతు మీదే మిగతా అంతా ఆధారపడి ఉంది.

ఇప్పుడు అమ్మేవాళ్ళు అందరికంటే ముందు చూపించే ఆలివ్ చెట్ల సంగతి చూద్దాం. ఈ వైపు పాత తోటల్లో ఎక్కువగా ఉండేది గాలెగా రకం. కాయ చిన్నది, నూనె తియ్యగా, మెత్తగా ఉంటుంది, కానీ శాతం తక్కువ. పైగా ఒక ఏడాది విరగకాస్తే మరుసటి ఏడాది విశ్రాంతి తీసుకుంటుంది. నీటి తడి లేని పాత చెట్టుకు మంచి ఏడాదిలో సగటున 15 కిలోలు వేసుకోండి. 120 చెట్లకు 1,800 కిలోలు. 13 శాతం నూనె అనుకుంటే దాదాపు 250 లీటర్లు. తెలిసిన కుటుంబాలకు నేరుగా అమ్మితే లీటరు 8 యూరోలనుకుందాం, 2,000 వస్తుంది. గానుగ కూలి, డబ్బాలు, వలలు, డీజిల్ తీసేస్తే 1,400 మిగిలితే సంతోషం. కాపు తక్కువ ఏడాది అందులో సగం కూడా రాదు. స్పెయిన్‌లో కరువు వల్ల 2023, 2024ల్లో ఆలివ్ నూనె ధర ఆకాశానికి ఎక్కింది, తర్వాత దిగింది. ఆ రెండేళ్ళ ధరలు చూపించి తోట ఆదాయం లెక్కగట్టే ఏజెంటును నమ్మకండి.

ఆ 1,400 కూడా చెట్టు కింద పడి ఉండదు. గాలెగాకు గాఫా అనే తెగులు బాగా తగులుతుంది. శరదృతువు తడిగా, వెచ్చగా ఉంటే కాయ మీద గోధుమ రంగు మచ్చ లేచి, రెండు మూడు వారాల్లో కాయ ముడుచుకుని రాలిపోతుంది. ఆలివ్ ఈగ కుట్టిన కాయలో పురుగు ఉంటుంది, దాంతో నూనెలో ఆమ్లం పెరుగుతుంది. ఎక్స్‌ట్రా వర్జిన్ అనాలంటే ఆమ్లం 0.8 శాతం దాటకూడదు. అందుకే ఊళ్ళో పెద్దవాళ్ళు నవంబర్ చివరిదాకా ఆగినా, మేము అక్టోబర్ ఆఖరు వారంలోనే మొదలుపెడతాం. నూనె కొంచెం తగ్గుతుంది, నాణ్యత మాత్రం నిలబడుతుంది. కోసిన కాయను గోనె సంచుల్లో కుక్కితే లోపల వేడెక్కి పులుస్తుంది, గాలి ఆడే ప్లాస్టిక్ క్రేట్లే వాడాలి, అదే రోజు లగార్‌కు చేర్చాలి. లగార్ అంటే గానుగ మర. చాలా మరలు కొన్ని వందల కిలోలు దాటితేనే మీ కాయను విడిగా ఆడిస్తాయి. లేదంటే అందరి కాయలతో కలిపి, మీ వాటా నూనె కొలిచి ఇస్తాయి. మీరు జాగ్రత్తగా ఏరిన కాయకు పక్కవాడి పుచ్చిన కాయ కలిస్తే మీ శ్రమంతా పోయినట్టే. ఏ మరలో ఎంత కనీస బరువు అడుగుతారో ముందే కనుక్కోండి, తక్కువ పడితే పొరుగువాళ్ళతో ఒకే రోజు కోత పెట్టుకుని కలిసి వెళ్ళండి. ఇంకొకటి, చిల్లరగా అమ్మే నూనె 5 లీటర్లకు మించని సీలు డబ్బాలో, లేబుల్‌తో ఉండాలన్నది యూరోపియన్ యూనియన్ నియమం. ఏదో ఒక సీసాలో పోసి సంతలో అమ్ముకుందామంటే కుదరదు.

ఇంత చెప్పింది ఆలివ్ వద్దని కాదు. అసలు నేను చెప్పదలచుకున్నది ఇక్కడ మొదలవుతుంది. ఆలివ్ చెట్లు మీరు కొనాల్సిన అవసరమే లేదు. ఈ ఊళ్ళలో తోటలున్న వాళ్ళు ముసలివాళ్ళైపోయారు, పిల్లలు లిస్బన్‌లోనో ఫ్రాన్స్‌లోనో స్థిరపడ్డారు. చెట్లు ఎండిపోకుండా ఎవరైనా కొమ్మలు కొట్టి, కాయ కోసి, సగం నూనె ఇస్తే చాలనుకునే వాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. సగం పాలికి చేయడం ఇక్కడ పాత అలవాటే, 'ఆ మెయాష్' అంటారు. చెరీ తోటల్లో కూలి పని దొరుకుతుంది, చెస్ట్‌నట్ చెట్లు పాలికి దొరుకుతాయి. కానీ ఎండాకాలం నీళ్ళు, చట్టప్రకారం నివసించగలిగిన ఇల్లు, శుభ్రమైన కాగితాలు మాత్రం ఎవరూ పాలికి ఇవ్వరు. మీ డబ్బు ఈ మూడింటి మీదే పెట్టాలి. 3 హెక్టార్లు చూసి మురిసిపోవద్దు, నీళ్ళున్న అర హెక్టారు మీకు అంతకంటే ఎక్కువ సంపాదించి పెడుతుంది.

ముందు నీళ్ళు. ఇక్కడ వాన అక్టోబర్ నుంచి ఏప్రిల్ దాకా పడుతుంది. జూన్ మధ్య నుంచి సెప్టెంబర్ మధ్యదాకా దాదాపు ఏమీ ఉండదు, ఎండ 40 డిగ్రీలు తాకుతుంది. అంటే మొక్కకు నీళ్ళు కావాల్సిన నెలల్లోనే ఆకాశం మొహం చాటేస్తుంది. మార్చిలో చూడటానికి వెళ్తే ప్రతి భూమీ కోనసీమలా కనిపిస్తుంది, గట్ల మీద పూలు, వాగులో పారే నీళ్ళు. మీరు ఆ బావిని ఆగస్టు చివర్లో గానీ సెప్టెంబర్‌లో గానీ చూడాలి. ఊరికే తొంగిచూసి రావడం కాదు. ఒక చిన్న పంపు, తాడుకు కట్టిన బరువు తీసుకెళ్ళండి. సాయంత్రం నీటిమట్టం కొలిచి, రెండు గంటలు తోడి, మళ్ళీ కొలిచి, మర్నాడు పొద్దున్న ఎంత ఊరిందో చూడండి. అమ్మేవాళ్ళు దానికి ఒప్పుకోకపోతే అదే మీకు జవాబు. 1,000 చదరపు మీటర్ల కూరగాయలకు జూలైలో రోజుకు 5 నుంచి 6 వేల లీటర్లు కావాలి, డ్రిప్ వేసినా సరే. రాత్రికి రాత్రి అంత ఊరని బావైతే కొండ పక్కన ట్యాంకు కట్టాలి, లేదా బోరు వేయాలి. బోరుకు పర్యావరణ సంస్థ ఏపీఏ నిబంధనలు ముందే చూసుకోవాలి, రాయి పడితే డబ్బు పోతుంది, నీళ్ళు పడతాయన్న హామీ లేదు.

కొన్ని పాత భూముల్లో 'మినా' ఉంటుంది. కొండ లోపలికి అడ్డంగా తవ్విన సన్నని సొరంగం, చివర ఊట ఉంటుంది. వంగి లోపలికి వెళ్తే ఆగస్టులో కూడా చల్లగా, గోడల నుంచి నీళ్ళు కారుతూ ఉంటాయి. సెప్టెంబర్‌లో పారే మినా ఉన్న భూమి కనిపిస్తే చెట్లు ఉన్నా లేకపోయినా దాన్ని సీరియస్‌గా చూడండి. అయితే ఆ నీటి మీద పొరుగువాళ్ళకు వారంలో ఫలానా రోజు హక్కు ఉండొచ్చు, అది కాగితాల్లో కనిపించదు. ఊళ్ళో వయసు పైబడిన వాళ్ళను అడిగితేనే తెలుస్తుంది. ఇంకో దారి, కోవా ద బైరా ప్రభుత్వ సాగునీటి పథకం. సబుగల్, మెయ్మోవా ఆనకట్టల నీళ్ళు పైపుల ద్వారా పొలం పక్కకే వస్తాయి. ఆ పరిధిలోని భూమి ధర ఎక్కువ, నీటికి ఏటా రుసుము కట్టాలి. అయినా నా మట్టుకు నేను ఆ పరిధిలో ఒక చిన్న ముక్కనే ఎంచుకుంటాను, కొండ మీద ఎండిపోయే మూడు హెక్టార్లను కాదు.

తర్వాత ఇల్లు, కాగితాలు. పోర్చుగల్‌లో ఆస్తి ప్రధానంగా రెండు రకాలు. రుస్టికో అంటే సాగు భూమి, ఉర్బానో అంటే కట్టడం. పన్ను కార్యాలయం ఫినాన్సాస్ ఇచ్చే ఆస్తి వివరాల పత్రం కదెర్నెటాలో మీ రాతి ఇల్లు ఏ పేరుతో ఉందో చూడండి. ఉర్బానోలో నివాసంగా ఉంటే మాట్లాడుకోవచ్చు. రుస్టికోలో 'పాల్యెయిరో' అంటే గడ్డివాముల కొట్టంగా రాసి ఉంటే, దాన్ని ఇల్లుగా మార్చుకోవచ్చని ఏజెంటు ఎంత చెప్పినా అది ఇల్లు కాదు. 1951 ఆగస్టు 7కి ముందు కట్టిన ఇంటికి నివాస లైసెన్సు అక్కర్లేదన్నది నిజమే. కానీ ఆ పాతదనం రుజువు చేయాలి, అది అప్పుడు కూడా ఇల్లే అయి ఉండాలి, కూలిపోయిన గోడలకు ఈ మినహాయింపు తేలిగ్గా దొరకదు. కామరా, అంటే మునిసిపాలిటీ, దగ్గర భూ వినియోగ ప్రణాళిక పీడీఎం ఉంటుంది. మీ సర్వే ముక్క వ్యవసాయ రక్షిత భూమిలోనో (రాన్) పర్యావరణ రక్షిత భూమిలోనో (రెన్) ఉంటే కొత్తగా గోడ లేపడం చాలా కష్టం. అడగాల్సింది నోటిమాటగా కాదు. 'పెదీదో ద ఇన్ఫర్మసావ్ ప్రేవియా' అని రాతపూర్వక దరఖాస్తు పెట్టండి, కామరా రాతపూర్వకంగానే జవాబిస్తుంది. అది చేతికొచ్చాకే అడ్వాన్సు. కారవాన్ పెట్టుకుని ఉండొచ్చులే అనుకునేవాళ్ళు చాలామంది కనిపిస్తారు. సాగు భూమిలో అలా శాశ్వతంగా నివసించడం చట్టబద్ధం కాదు, ఎవరైనా ఫిర్యాదు చేస్తే అక్కడితో అయిపోతుంది.

వారసుల విషయం ఇంకా టెన్షన్ పెడుతుంది. తాతగారి పేరు మీదే ఉండిపోయిన భూములు ఇక్కడ కోకొల్లలు. ఏడుగురు వారసులుంటే ఏడుగురూ సంతకం పెట్టాలి. ఒకరు కెనడాలో ఉండి ఫోన్ ఎత్తకపోతే ఏళ్ళు పడుతుంది. ఆస్తి రిజిస్ట్రేషన్ కార్యాలయం కన్సర్వతోరియాలో నమోదైన యజమాని, కదెర్నెటాలోని పేరు, మీ ఎదుట కూర్చున్న మనిషి, ముగ్గురూ ఒకరే అయితేనే ముందుకెళ్ళండి. విస్తీర్ణం రెండు కాగితాల్లో రెండు రకాలుగా ఉండటం మామూలు విషయం. బూపీ అనే పథకం కింద హద్దులు మ్యాప్ మీద గుర్తించి నమోదు చేస్తున్నారు. అమ్మేవాళ్ళతో ఆ పని ముందు చేయించండి.

చాలామందికి తెలియని నియమం ఒకటుంది. చిన్న సాగు కమతం అమ్మేటప్పుడు పక్క పొలం యజమానికి కొనే మొదటి హక్కు ఉంటుంది. ధర, షరతులు రాసి రిజిస్టర్డ్ పోస్టులో తెలియజేస్తే, ఆయన 8 రోజుల్లో జవాబివ్వాలి. తెలియజేయకుండా అమ్మితే, అమ్మకం వివరాలు ఆయనకు తెలిసిన నాటి నుంచి 6 నెలల్లోపు కోర్టుకెళ్ళి మీరు కట్టిన ధరకే ఆ భూమిని తీసుకోవచ్చు. మీరు ఈలోపు బోరు వేసి కంచె కట్టి ఉంటారు! ఆ ఉత్తరాల నకళ్ళు చూడకుండా సంతకం వద్దు. సొలిసితదోర్ అనే రిజిస్ట్రేషన్ నిపుణుడినో లాయర్‌నో మీ తరఫున పెట్టుకోండి, అమ్మేవాళ్ళ ఏజెంటు సూచించిన మనిషి వద్దు. మొత్తం రుస్టికోగా కొంటే బదిలీ పన్ను 5 శాతం, స్టాంపు డ్యూటీ 0.8 శాతం. 38 వేలకు 2,204 యూరోలు.

ఇప్పుడు మీ డబ్బు లెక్క చూడండి. భూమి, పన్నులు, లాయర్ పోగా మీ దగ్గర 24 వేల చిల్లర మిగులుతుంది. పైకప్పు లేని రాతి ఇంటికి కప్పు, కరెంటు, మురుగు ట్యాంకు, ఒక స్నానాల గది అంటే ఆ డబ్బు సరిపోదు. సరిపోయిందనే అనుకున్నా, ఆదాయం లేని మొదటి రెండేళ్ళు తినడానికి ఏమీ మిగలదు. అందుకే ఈ భూమి మీకు వద్దని సూటిగా చెప్తున్నాను. అదే డబ్బుకు ఊరి లోపల కప్పున్న, కరెంటున్న చిన్న ఇల్లు, నడిచి వెళ్ళేంత దూరంలో నీళ్ళున్న చిన్న తోట విడివిడిగా వెతకండి. ఇలాంటివి వెబ్‌సైట్లలో తక్కువ, కాఫీ కొట్టులోనూ గ్రామ పాలక కార్యాలయం జుంతాలోనూ ఎక్కువ తెలుస్తాయి.

యూకలిప్టస్ గురించి మీరు ఆదాయంగా రాశారు. పదేళ్ళకో పన్నెండేళ్ళకో ఒకసారి కోతకొస్తుంది, కాగితం మిల్లులు కొంటాయి, నిజమే. 2017 చట్టం తర్వాత కొత్తగా నాటడం మీద గట్టి ఆంక్షలున్నాయి. కానీ నాకు కనిపించేది ఆదాయం కాదు, మంట. 2017 జూన్ 17న పెద్రోగావ్ గ్రాందె దగ్గర మొదలైన కార్చిచ్చులో 66 మంది చనిపోయారు, చాలామంది రోడ్డు మీద కార్లలోనే. 2025 ఆగస్టులో అర్గనిల్ వైపు మొదలైన మంట కొండలు దాటి మన ఫుందావ్ మండలం దాకా వచ్చింది, 60 వేల హెక్టార్లకు పైగా కాలిపోయింది. ఇక్కడ ఉండాలనుకునే ప్రతి ఒక్కరూ దీన్ని ఇంటి ఖర్చులో, రోజువారీ పనిలో భాగంగా చూడాలి. ఇంటి చుట్టూ 50 మీటర్ల మేర పొదలు కొట్టాలి. చెట్ల తలల మధ్య 4 మీటర్లు, పైన్, యూకలిప్టస్ అయితే 10 మీటర్ల ఎడం ఉండాలి. గడువు మామూలుగా ఏప్రిల్ 30, వానల్ని బట్టి కొన్నేళ్ళు పొడిగిస్తారు. చేయకపోతే జీఎన్ఆర్ పోలీసులు జరిమానా వేస్తారు. మంట ఎప్పుడూ వాలు ఎక్కుతూ వేగం పుంజుకుంటుంది. కాబట్టి ఏ ఇంటిని చూసినా పైన ఏముందో కాదు, కింద లోయలో ఏముందో, అది ఎవరిదో, ఆ మనిషి ఊళ్ళో ఉన్నాడో లేడో కనుక్కోండి. బ్రష్‌కట్టర్ పట్టుకోవడం నేర్చుకోండి, ఏటా వసంతంలో కొన్ని వారాలు మీ చేతుల్లో ఉండేది అదే.

ఇక డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? మా అనుభవంలో బాగా నడిచేది వేసవి కూరగాయలు, అవీ ఇక్కడి వాళ్ళు పండించనివి. ఈ ఎండకు బెండ అద్భుతంగా వస్తుంది. మే మధ్యలో, రాత్రి చలి పూర్తిగా తగ్గాక విత్తాలి. ఏప్రిల్‌లో తొందరపడితే మొలక పసుపుబారి అక్కడే ఆగిపోతుంది. జూలై నుంచి సెప్టెంబర్ ఆఖరుదాకా రోజు విడిచి రోజు కోయాలి. ఒక్క కోత తప్పినా కాయ ముదిరి పీచు పడుతుంది, కొట్టువాడు తీసుకోడు. పొద్దున ఏడు గంటలకల్లా, పొడుగు చేతుల చొక్కా వేసుకుని కోత ముగించాలి. ఎండెక్కాక కోస్తే చేతులు దురద, కాయ వాడిపోతుంది. 500 చదరపు మీటర్లలో 500 కిలోలు తక్కువ అంచనా. కిలో మూడున్నరకు పోతే 1,750. దాని పక్కనే పచ్చిమిర్చి, గోంగూర, వసంతంలోనూ శరత్తులోనూ కొత్తిమీర, మెంతికూర. కరివేపాకు మాత్రం ఇక్కడి చలికాలపు మంచుకు బయట బతకదు, దాని మీద ఆశ పెట్టుకోవద్దు. ఇవన్నీ కలిపి ఏడాదికి 4,000 అనుకోండి.

ఎవరికి అమ్మాలన్నది విత్తనం కొనకముందే తేలాలి. లిస్బన్‌లో మార్తిమ్ మొనీజ్ చుట్టుపక్కల దక్షిణాసియా కొట్లున్నాయి, మీకు అక్కడి వాళ్ళు తెలిసే ఉంటారు. మీరు ఇంకా లిస్బన్‌లో ఉండగానే వెళ్ళి ఏ వారం ఎంత కావాలి, ఏ ధరకు అని మాట్లాడుకోండి, ఇది మీకున్న పెద్ద సౌలభ్యం. ఫుందావ్ నుంచి 250 కిలోమీటర్లు, ఏ23 రోడ్డు మీద పాత టోల్‌ను 2025 జనవరి 1 నుంచి ఎత్తేశారు కాబట్టి ఖర్చు కొంత తగ్గింది. అయినా వారానికో వ్యాన్ నిండితేనే గిట్టుతుంది. దగ్గర్లో కొవిల్యాలో విశ్వవిద్యాలయం, కాస్టెలో బ్రాంకోలో పాలిటెక్నిక్ ఉన్నాయి, చెరీ తోటల పనికి వచ్చిన దక్షిణాసియా వాళ్ళు ఫుందావ్‌లోనే ఉన్నారు. వాట్సాప్ గ్రూపులో ముప్పై కుటుంబాలు చేరితే కొట్టు ధరకంటే మెరుగ్గా అమ్ముకోవచ్చు. టమాటా, క్యాబేజీ లాంటివి అమ్మకానికి వేయొద్దు. ఊళ్ళో ప్రతి ఇంటి పెరట్లో ఉంటాయి, మీకు ఊరికే ఇస్తారు కూడా.

రెండోది చెరీ పని. గార్దూన్యా కొండ వాలున అల్కొంగోస్టా చుట్టూ మే, జూన్‌లలో కోతకు మనుషులు దొరకరు. ఇద్దరూ నెలన్నర కాంట్రాక్టు మీద పనిచేస్తే కనీస వేతనం లెక్కనే 2,600 వస్తుంది. కోత కోస్తూనే కొమ్మ కత్తిరింపు, అంటు, తెగుళ్ళు నేర్చుకుంటారు, యజమానులతో పరిచయాలు పెరుగుతాయి. సొంతంగా చెరీ నాటే ఆలోచన మాత్రం ఇప్పుడే వద్దు. నాలుగైదేళ్ళదాకా కాపు రాదు, వేసవి నీళ్ళు కావాలి, పండే వారంలో వాన పడితే పండు పగిలిపోతుంది. పెట్టుబడి తట్టుకోగలిగిన పెద్దవాళ్ళకే అది సాగుతుంది.

తేనె బాగుంటుంది, నెమ్మదిగా పెంచుకోవాలి. వసంతంలో రొష్మనీన్యో అనే అడవి లావెండర్ పూలు, తర్వాత హెదర్ పొదలు, తేనె రంగు, రుచి మారుతూ వస్తాయి. పశు, ఆహార వ్యవహారాలు చూసే ప్రభుత్వ శాఖ డీజీఏవీ దగ్గర నమోదు తప్పనిసరి, ప్రతి సెప్టెంబర్‌లో పెట్టెల లెక్క ప్రకటించాలి. వరోవా పురుగుకు మందు, ఆసియా కందిరీగకు బోనులు మర్చిపోతే తేనెటీగలు శీతాకాలం దాటవు. పెట్టెకు 12 కిలోల లెక్కన పది పెట్టెలకు వెయ్యి యూరోలు.

కలపండి. నూనె 1,400, కూరలు 4,000, చెరీ కూలి 2,600, తేనె 1,000. మొత్తం 9,000, అదీ అన్నీ కుదిరిన మూడో నాలుగో ఏడాదిలో. ఇంకా 3,000 తక్కువ. ఆ 3,000 ఎక్కడి నుంచి అన్నది మీరిద్దరూ ఇప్పుడే కూర్చుని తేల్చుకోవాలి. ఇల్లు ఉర్బానోలో ఉండి అనుమతులు సరిగా ఉంటే ఒక గదిని అలోజమెంతో లొకాల్ (పర్యాటకులకు స్వల్పకాల వసతి) కింద నమోదు చేసి అతిథులకు ఇవ్వొచ్చు. లేదా ఇద్దరిలో ఒకరు ఇంటి నుంచి పార్ట్‌టైమ్ పని ఉంచుకోవచ్చు. నాకు రెండోదే ఎక్కువ నచ్చుతుంది. ఇక్కడ పదేళ్ళు నిలబడ్డ విదేశీయుల్లో నేను చూసినవాళ్ళలో ఎక్కువమంది ఇంట్లో ఎవరో ఒకరు బయటి జీతం కొంత తెచ్చుకున్నవాళ్ళే. అందులో చిన్నతనం ఏమీ లేదు. ఇక్కడి రైతులూ తరతరాలుగా చేసింది అదే, ఒకరు భూమి మీద, ఇంకొకరు ఫ్రాన్స్‌లోనో ఫ్యాక్టరీలోనో.

పన్నుల భయం మరీ పెట్టుకోకండి. ఫినాన్సాస్‌లో కార్యకలాపం నమోదు చేస్తే, 2025 లెక్క ప్రకారం ఏడాది అమ్మకం 15,000 లోపుంటే వ్యాట్ మినహాయింపు కోరవచ్చు. సరళ పద్ధతిలో సరుకు అమ్మకంలో 15 శాతాన్నే పన్ను ఆదాయంగా చూస్తారు. సోషల్ సెక్యూరిటీకి మొదటిసారి నమోదైతే తొలి 12 నెలలు మినహాయింపు, తర్వాత సరుకు అమ్మకంలో 20 శాతం మీద లెక్క. ఉద్యోగం మానే ముందు మాత్రం మీ పర్మిట్ ఉద్యోగం ఆధారంగా ఇచ్చిందేమో చూసుకుని, స్వయం ఉపాధికి ఎలా మారాలో వలస వ్యవహారాల సంస్థ ఐమా నిబంధనలు తెలిసిన లాయర్‌ను అడగండి. భూమి కొన్నంత మాత్రాన నివాస హక్కు రాదు, ఆస్తి మీద ఇచ్చే గోల్డెన్ వీసా కూడా 2023 అక్టోబర్‌లో ఆగిపోయింది. బయటి దేశం నుంచి చదువుతున్నవాళ్ళు ఇది గుర్తుంచుకోండి.

మీ స్థానంలో ఉంటే ఇలా చేస్తాను. ఈ అక్టోబర్‌లో ఫుందావ్ చుట్టుపక్కల ఊళ్ళో ఇల్లు ఒక ఏడాదికి అద్దెకు తీసుకోండి, ఒకరు ఉద్యోగం వదలొద్దు. జుంతాకు వెళ్ళి ఆలివ్ చెట్లు పాలికి ఇచ్చేవాళ్ళు ఎవరని అడగండి, 60 చెట్లు చాలు. కొమ్మలు కొట్టడం ఫిబ్రవరి, మార్చిలో పక్కవాళ్ళను చూసి నేర్చుకోవచ్చు. వసంతంలో అద్దె తోటలో 200 చదరపు మీటర్ల బెండ వేసి మార్తిమ్ మొనీజ్‌లో అమ్మి చూడండి. పోర్చుగీసు మాట్లాడటం ఈ ఏడాదిలోనే వస్తుంది. రాకపోతే ఏ కొట్టులోనూ ఏ మంచి భూమీ మీ చెవిన పడదు. వచ్చే సెప్టెంబర్‌లో, వానలకు ముందు, బావులు కొలవడం మొదలుపెట్టండి. 38 వేల భూమి అప్పటికీ అమ్ముడుపోకుండా ఉంటే, కదెర్నెటా నకలు, కామరా జవాబు, పొరుగువాళ్ళకు పంపిన ఉత్తరాలు తెప్పించుకుని ఇక్కడ పెట్టండి. చదివి నా అభిప్రాయం చెప్తాను. ధర కూడా 38 వేలే కట్టాల్సిన పనిలేదు, ఇంటికి కప్పు లేదు కాబట్టి 28 వేల నుంచి మాట్లాడండి.